చవక ముక్కల ఖరీదు

నో-లిమిట్ హోల్డెమ్ పోకర్ నేర్చిన తెలుగు ఆటగాళ్లలో, ముఖ్యంగా పదమూడు ముక్కల రమ్మీ నుంచి ఆ ఆటలోకి వచ్చినవారిలో, ఒక అభిప్రాయం ప్రశ్నించరాని సూత్రంగా స్థిరపడిపోయింది. చేతికి వచ్చిన రెండు ముక్కలు ఆసు, రాజు వంటి పెద్దవి కాకపోయినా, 5-5 వంటి చిన్న జతో, ఒకే గుర్తులో పక్కపక్కన నిలిచే 7-6, 9-8 వంటి వరుస ముక్కలో అయితే చాలుననీ, కొద్ది డబ్బుతో ఆటలో ఉండి తరువాత తెరిచే ముక్కలు చూడవచ్చుననీ, కలిస్తే ఎదుటివాడి ముందున్న సొమ్మంతా లాగవచ్చుననీ, కలవకపోతే పోయేది అణాకానీయేననీ ఆ సూత్రం చెబుతుంది. అప్పటికి ఏమీ కాకపోయినా ముందు ఏదో కాగలవన్న ఆశ మీద ఆడే ఇటువంటి ముక్కలను ఇక్కడ ఆశ ముక్కలు అని పిలవవచ్చు. వీటి వల్ల లాభమే రాదని అనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. లాభం ఎక్కడి నుంచి వస్తుందన్న విషయంలో వ్యాప్తిలో ఉన్న అభిప్రాయం పూర్తిగా తప్పనీ, ఆ తప్పు చిన్న బల్లల దగ్గర కూర్చునేవారిని క్రమం తప్పకుండా నష్టపరుస్తుందనీ చూపడమే ఇక్కడి పని.

ఆట తీరు తెలియని పాఠకులకు రెండు మాటలు అవసరం. హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి మూసిన ముక్కలు రెండే పంచుతారు. ఆ తరువాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరుస్తారు, మొదట మూడు కలిపి, తరువాత ఒకటి, చివర ఇంకొకటి. వీటికి వరసగా ఫ్లాప్, టర్న్, రివర్ అని పేర్లు. చేతిలోని రెండూ బల్ల మీది అయిదూ కలిసిన ఏడింటిలో మేలైన అయిదు ముక్కల కూర్పు ఎవరిదైతే వారిదే పాట్, అంటే బల్ల మధ్య చేరిన పందెం సొమ్ము. ముక్కలు పంచగానే ఒకసారి, ఆపైన ఫ్లాప్, టర్న్, రివర్ పడినప్పుడల్లా ఒక్కోసారి, నాలుగు విడతలుగా పందెం సాగుతుంది. ఏ విడతలోనైనా తన ముందున్న సొమ్మంతా ఒకేసారి ఒడ్డే స్వేచ్ఛ ఉంటుంది కనుకనే దీన్ని నో-లిమిట్ అంటారు. పంచకముందే ఇద్దరు విధిగా పెట్టవలసిన చిన్న పందేలు బ్లైండ్లు. ఆటగాడి ముందున్న సొమ్ము పెద్ద బ్లైండుకు ఎన్ని రెట్లు అన్నదే ఆ బల్ల లోతుకు కొలత.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం ఈ చర్చకు బాగా తగిన చోటు. పాత చిత్తూరు జిల్లా పడమటి అంచున ఉన్న ఈ మూడు పట్టణాల నుంచీ కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరం. కుప్పం అయితే కర్ణాటక, తమిళనాడు రెండింటినీ ఆనుకుని, బెంగళూరు-చెన్నై రైలు మార్గం మీద ఉంది. ఇళ్లలో, పెళ్లిళ్లలో, తోటల నీడల్లో రమ్మీ చూస్తూ పెరిగి, చదువుకో ఉద్యోగానికో బెంగళూరు వెళ్లి, అక్కడ స్నేహితుల గదుల్లోనూ ఫోన్లలోనూ హోల్డెమ్ అందిపుచ్చుకున్న యువకులు ఈ ప్రాంతంలో ఉండడం సహజం. వారు కొత్త ఆట నియమాలు నేర్చుకున్నారు గానీ, ముక్కను చూసే చూపును పాత ఆట నుంచే తెచ్చుకున్నారు. ఆశ ముక్కల మీది మమకారానికి వేరు అక్కడే ఉంది.

రమ్మీలో వరుసే ప్రాణం. జోకరు లేని సీక్వెన్స్ ఒకటి పడనిదే షో చెల్లదు; అందుకే ఇస్పేటు 7, ఇస్పేటు 6 చేతిలో కనబడగానే రమ్మీ ఆటగాడి కన్ను 8 కోసం, 5 కోసం వెతుకుతుంది. ఆసు, రాజు అంచు ముక్కలు కనుక తక్కువ వరుసల్లో ఇముడుతాయనీ, నడిమి ముక్కలు ఎటైనా సాగుతాయనీ అతనికి అనుభవం నేర్పింది. రమ్మీకి ఈ విలువ కట్టడం సరైనదే. అయితే ఆ ఆటలో ప్రతి వంతుకూ ఒక కొత్త ముక్క ఎత్తుకుని పనికిరానిది కింద పడేసే అవకాశం ఉంటుంది, ఎత్తుకున్న ప్రతిసారీ విడిగా డబ్బు కట్టనక్కరలేదు, కట్టుకున్న సీక్వెన్స్ షో పడేదాకా ఎదుటివారి కంట పడదు. అవతలివాడు ముందుగా షో పెడతాడేమోనన్న భయం తప్ప ఎదురుచూపుకు రమ్మీలో వేరే ధర లేదు.

హోల్డెమ్‌లో ఈ మూడూ తలకిందులవుతాయి. చేతిలోని రెండు ముక్కలు మార్చుకునే వీలు లేదు. బల్ల మీద పడవలసిన అయిదింటిలో ఫ్లాప్ తరువాతి ప్రతి ముక్కనూ చూడడానికి ఎదుటివాడు అడిగినంత పందెం చెల్లించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, తన వరుసను పూర్తి చేసే ముక్క ఉమ్మడి బల్ల మీదే, అందరి కళ్లముందే తెరుచుకుంటుంది. చేతిలో 7-6 పట్టుకున్నవాడికి 10-9-8 ఫ్లాప్ పడితే వరుస పూర్తవుతుంది. కానీ ఆ మూడు ముక్కలను చూసిన ఎదుటివాడు ఆసుల జత ఉన్నా చేయి వెనక్కి తీస్తాడు, లేదా రాణి-జాకీ పట్టుకుని అంతకన్నా పై వరుసతో కాచుకుని ఉంటాడు. రహస్యంగా కూడబెట్టిన సొత్తుకు రమ్మీలో ఉన్న విలువ, ఊరందరికీ తెలిసిన సొత్తుకు హోల్డెమ్‌లో రాదు. పాత ఆట విలువలను కొత్త ఆటకు అంటగట్టడమే మొదటి పొరపాటు.

విచిత్రమేమంటే రమ్మీ ఆటగాళ్లకు వదులుకోవడం కూడా బాగా తెలుసు. వాడుకలో ఉన్న పాయింట్ల లెక్కలో మొదటి ముక్క ఎత్తకముందే తప్పుకుంటే 20, మధ్యలో తప్పుకుంటే 40, చివరిదాకా ఉండి ఓడితే గరిష్ఠంగా 80 పాయింట్లు పడతాయి. చెత్త చేయి వచ్చినప్పుడు ఫస్ట్ డ్రాప్ కొట్టని ఆటగాణ్ణి తోటివారే వెక్కిరిస్తారు. 20 ఖర్చయినా తప్పుకోవడమే తెలివి అని ఒప్పుకునే మనిషి, బ్లైండు కట్టని స్థానంలో కూర్చుని పైసా ఖర్చు లేకుండా తప్పుకోగల హోల్డెమ్‌లో మాత్రం 7-6 చూసి ఆగిపోతాడు. పాత ఆట నుంచి తెచ్చుకోవలసిన క్రమశిక్షణను వదిలేసి, వదిలేయవలసిన వ్యామోహాన్ని తెచ్చుకోవడం ఇది.

ఈ అభిప్రాయానికి పుస్తకాల పెట్టుబడి కూడా ఉంది. అమెరికాకు చెందిన డోయిల్ బ్రన్సన్ 1979 నాటి సూపర్ సిస్టమ్ గ్రంథంలో చిన్న వరుస ముక్కల మీద తనకున్న ఇష్టాన్ని దాచుకోలేదు. 1976, 1977 ప్రపంచ పోకర్ పోటీల్లో రెండుసార్లూ ఆయన చివరి ఆట గెలిచింది 10-2తోనే కావడం ఆ ఇష్టానికి పురాణగాథ హోదా కట్టబెట్టింది. పోకర్ రచయిత డేవిడ్ స్క్లాన్‌స్కీ ఇంప్లైడ్ ఆడ్స్ అనే భావనను ప్రచారంలోకి తెచ్చాడు: ఇప్పుడు పాట్‌లో ఉన్న సొమ్మునే కాక, కోరుకున్న ముక్క పడితే ముందుముందు ఎదుటివాడి నుంచి రాబోయే సొమ్మును కూడా కలుపుకుని, కట్టే పందెంతో పోల్చి చూడడం దాని అర్థం. ఆశ ముక్కలను సమర్థించేవారు ఈ రెండు పేర్లనూ డాలుగా పట్టుకుంటారు. కానీ బ్రన్సన్ పుస్తకం చదివినవారికి కనబడేది వేరు. ఆయన ఆట అంతా దూకుడు మీద నడిచింది. ఎవరికీ పెద్ద ముక్కలు లేనప్పుడు పందెం పెంచి పెంచి చిన్న పాట్‌లను వరుసగా ఎగరేసుకుపోయి, ఆ పోగుచేసిన సొమ్మునే పెద్ద పాట్‌లలో చిన్న ముక్కలతో ఒడ్డేవాడు. పైగా ఆయన కూర్చున్న బల్లలు లోతైనవి. ఆయన ముక్కలను అరువు తెచ్చుకుని, దూకుడునూ లోతునూ అక్కడే వదిలేసి వచ్చినవారు ఆయన పేరు చెప్పుకోవడం న్యాయం కాదు.

ఇక లెక్కకు రావాలి, ఎందుకంటే ఈ అభిప్రాయం ప్రాణం తీసేది లెక్కే. చేతిలో ఉన్న చిన్న జతకు ఫ్లాప్‌లో అదే అంకె మరొకటి కలిసి మూడు కావడాన్ని సెట్ పడడం అంటారు. అది వందకు దాదాపు 12 సార్లు, అంటే ఎనిమిదిన్నర ఫ్లాప్‌లకు ఒకసారి జరుగుతుంది. బ్లైండ్లు 10, 20 రూపాయలున్న బల్ల మీద ఒకడు 60కి పెంచగా, 5-5 ఉన్న ఆటగాడు 60 కట్టి, మిగిలినవారంతా తప్పుకున్నారనుకుంటే, పాట్ 150 అవుతుంది. సెట్ పడనప్పుడు ముక్కలు వదిలేసేవాడికి ఇలాంటి వంద సందర్భాల్లో 88 సార్లు 60 చొప్పున 5,280 రూపాయలు పోతాయి. అది పూడాలంటే మిగిలిన 12 సార్లూ సగటున 440 రావాలి. అందులో 90 ముందే పాట్‌లో ఉంది, మిగిలిన 350 ఫ్లాప్ తరువాత ఎదుటివాడి జేబు నుంచి కదలాలి. ఆట నడిపేవాడు పాట్‌లో వందకు అయిదు తీసుకుంటే ఆ మొత్తం ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ బల్ల లోతు అన్నీ తేల్చేస్తుంది. ఎదుటివాడు 2,000తో, అంటే పెద్ద బ్లైండుకు వంద రెట్ల సొమ్ముతో కూర్చుంటే, 60 పోగా మిగిలిన 1,940లో సగటున 350 రాబట్టడం అసాధ్యం కాదు, అయిదో వంతు కూడా కాదు. అదే మనిషి 500తో కూర్చుంటే అతని దగ్గర మిగిలేది 440. అందులో 350, ప్రతి సెట్‌కూ సగటున, రావాలి. పెంచినవాడి చేతిలో ఆసు-రాజు ఉంటే ఫ్లాప్‌లో ఆ రెండింటిలో ఏదీ కలవని సందర్భాలు మూడింట రెండు. ఏమీ కలవనివాడు ఒక చిన్న పందెం వేసి చూస్తాడేమో గానీ ఇంటిని రాసివ్వడు. కలిసినప్పుడు మొత్తం ఇచ్చినా, కలవనప్పుడు దాదాపు ఏమీ ఇవ్వడు కనుక 440లో 350 సగటు పడే మార్గం లేదు. కట్టవలసిన పందేనికి పదిహేను, ఇరవై రెట్లు ఎదుటివాడి ముందు ఉంటే తప్ప సెట్ కోసం కట్టవద్దని అనుభవజ్ఞులు పెట్టుకున్న నియమం ఈ లెక్కలోంచే పుట్టింది. 500 రూపాయల బల్ల మీద 60 కట్టేవాడికి దక్కేది ఎనిమిది రెట్లు. ఇరవై అయిదు, ముప్పై బ్లైండ్లతో కూర్చునే చిన్న బల్లల దగ్గర చిన్న జతతో పెంచినవాడికి కట్టి ఎదురుచూడడం, తెలిసి తెలిసి నష్టానికి సంతకం పెట్టడమే.

వరుస ముక్కల పరిస్థితి ఇంతకన్నా అన్యాయం. ఇస్పేటు 7-6 వంటి చేతికి ఫ్లాప్‌లోనే వరుస పూర్తయ్యేది వందకు 1.3 సార్లు, అయిదూ ఒకే గుర్తు అయ్యే ఫ్లష్ పడేది వందకు ఒకసారి కూడా కాదు, ఖచ్చితంగా 0.84, రెండు ముక్కలూ చెరొక జత కట్టడం, ఒకటి మూడు కావడం వంటివన్నీ కలుపుకున్నా గట్టి కూర్పు వచ్చేది పద్దెనిమిది ఫ్లాప్‌లకు ఒకసారి. ఇంకో అయిదింట ఒకసారి అసంపూర్తి కూర్పు, అంటే మరో ముక్క పడితే ఫ్లష్ లేదా రెండు కొసలా సాగగల వరుస అయ్యే స్థితి, వస్తుంది. తక్కిన నాలుగింట మూడుసార్లు మహా అయితే ఒక చిన్న జత, లేదా శూన్యం. ఒకే గుర్తు అన్నదానికి ఆటగాళ్లు కట్టే విలువ కూడా అతిశయమే: అయిదు ఉమ్మడి ముక్కలూ చివరిదాకా చూసే అవకాశం ఇచ్చినా, ఒకే గుర్తు ముక్కలు ఫ్లష్‌గా మారేది వందకు 6.4 సార్లు మాత్రమే.

అసంపూర్తి కూర్పు వచ్చిన తరువాతే అసలు పరీక్ష. పాట్‌లో 150 ఉండగా ఎదుటివాడు 100 పందెం వేస్తే, 250 కోసం 100 కట్టాలి. ఆ కట్టుబడి గిట్టుబాటు కావాలంటే గెలిచే అవకాశం దాదాపు 29 శాతం ఉండాలి. ఫ్లష్‌కు ఒక్క ముక్క తక్కువైనవాడికి పనికివచ్చే ముక్కలు 47లో 9, అంటే తరువాతి ముక్కకే అది పూర్తయ్యే అవకాశం 19 శాతం; రెండు ముక్కలూ చూడగలిగితే 35 శాతం, కానీ రెండోదానికి మళ్లీ వేరే పందెం. ఈ తేడాను పూడ్చేది ముందుముందు రాబోయే సొమ్మేనని సమర్థకులు వాదిస్తారు. మూడో ఇస్పేటు బల్ల మీద పడిన క్షణమే ఎదుటివాడు జాగ్రత్తపడతాడన్న సంగతిని వారు లెక్కలో వేయరు. రాబోయే సొమ్ము ఉంటుందనే ఊహకు హద్దు లేదు, అది వచ్చే బాటకు మాత్రం హద్దులున్నాయి.

అయితే ఇదే స్థితిలో లాభం దాగి ఉన్న చోటు ఒకటుంది, అదే ఈ వ్యాసానికి కీలకం. పై ఉదాహరణలోనే ఎదుటివాడి దగ్గర పందెం వేసిన 100 పోగా మరో 200 మాత్రమే ఉందనుకుని, ఫ్లష్ ఆశ ఉన్నవాడు కేవలం కట్టకుండా 300కి పెంచాడనుకోవాలి. ఎదుటివాడు ముక్కలు పడేస్తే 250 వెంటనే దక్కుతుంది. పడేయకుండా కట్టితే పాట్ 750 అవుతుంది, అందులో 35 శాతం వాటా విలువ 262.50; పెట్టిన 300 మీద సగటు నష్టం 37.50 మాత్రమే. ఈ రెండింటినీ తూచి చూస్తే ఎదుటివాడు వందకు 14 సార్లు పడేసినా పెంచడం లాభసాటే. అప్పటికి బలం లేకపోయినా బలపడే అవకాశం ఉన్న చేతితో పందెం వేసి, ఎదుటివాణ్ణి తప్పించే ఎత్తుగడకు స్క్లాన్‌స్కీ సెమీ-బ్లఫ్ అని పేరు పెట్టాడు. ఆశ ముక్కల లాభంలో పెద్ద వాటా ముక్క పడడం వల్ల రాదు, పడకుండానే ఎదుటివాడు తప్పుకోవడం వల్ల వస్తుంది. దానికి ఎదుటివాడి మనసు తెలియాలి, అతని తరువాత ఆడే స్థానం దొరకాలి, అతను ముక్కలు పడేయగల మనిషి కావాలి. ఎవడూ ముక్కలు పడేయని బల్ల దగ్గర, ఊరి స్నేహితుల బల్లలు చాలావరకు అటువంటివే, ఈ లాభం ఆవిరైపోతుంది.

ఇక్కడే సమర్థకుల వైపు నుంచి బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది, దాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. ఎవడూ పడేయని బల్ల దగ్గరే కదా పడిన సెట్‌కూ ఫ్లష్‌కూ ఎక్కువమంది డబ్బిచ్చేది, అయిదుగురు ఆరుగురు కట్టిన పాట్‌లో ఆశ ముక్కలకు చవకగా చోటు దొరుకుతుంది కదా అని వారంటారు. చిన్న జతల విషయంలో ఈ వాదనలో నిజముంది: సెట్ బల్ల మీద కనబడదు, దాన్ని ఓడించే కూర్పులు అరుదు, డబ్బిచ్చేవారు ఎంతమంది ఉంటే అంత మేలు, ఎవరూ పెంచకుండా అందరూ పెద్ద బ్లైండు మాత్రమే కట్టిన పాట్‌లో 5-5 పట్టుకుని ఉండడాన్ని ఎవరూ తప్పుపట్టరు. వరుస ముక్కలకు మాత్రం ఇదే గుంపు శత్రువు. బల్ల మీద మూడు ఇస్పేట్లు పడి 7-6తో ఫ్లష్ కట్టినప్పుడు, ఏవైనా రెండు ముక్కలతో ఉన్న ఒక్క ప్రత్యర్థి చేతిలోనూ రెండు ఇస్పేట్లు ఉండే అవకాశం 3 శాతం లోపే. ప్రత్యర్థులు అయిదుగురైతే అది 13, 14 శాతానికి చేరుతుంది. ఒకే గుర్తు ముక్కలను ఎంచి మరీ ఉంచుకునే ఆటగాళ్లున్న బల్ల దగ్గర అది ఇంకా పెరుగుతుంది, పైగా 7 పెద్ద ముక్కగా ఉన్న ఫ్లష్‌కు ఎదురయ్యే ఇంకొక ఫ్లష్ దాదాపు ప్రతిసారీ దానికన్నా పెద్దదే. కింది కొస వరుసకూ ఇదే గతి. చిన్న పాట్‌లు గెలిచి పెద్ద పాట్‌లు ఓడడం అనే రోగానికి ఇంతకన్నా మంచి దారి లేదు. గుంపులో ఆడదగ్గ ఒకే గుర్తు ముక్కలంటే ఆసుతో కలిసినవి, 7-6 కాదు.

చవకగా కట్టి చూడడం అనే అలవాటుకే యంత్రాల నుంచి కూడా ఎదురుదెబ్బ తగిలింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన నోమ్ బ్రౌన్, టూమస్ సాండ్‌హోమ్ తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రాం 2019లో ఆరుగురి నో-లిమిట్ హోల్డెమ్‌లో వృత్తి ఆటగాళ్లను ఓడించింది. ప్రతి ఆటా వంద బ్లైండ్ల లోతుతోనే మొదలైంది. మనుషుల ఆటలు ఒక్కటీ చూడకుండా తనతో తానే ఆడుకుని నేర్చిన ఆ ప్రోగ్రాం, పందెం పెంచకుండా పెద్ద బ్లైండు మాత్రమే కట్టి లోపలికి రావడం (దీన్ని లింప్ అంటారు) చిన్న బ్లైండు స్థానంలో తప్ప ఎక్కడా మేలు కాదన్న నిర్ణయానికే చేరిందని దాని కర్తలు సైన్స్ పత్రికలో ప్రకటించారు. అది ఆశ ముక్కలను బహిష్కరించలేదు, లోపలికి వచ్చే తీరును నిర్ణయించింది: రావాలంటే పెంచి రావాలి, లేకపోతే పడేయాలి. చవకగా చూద్దామన్న మాటకు ఆ ఆటలో చోటు దొరకలేదు.

ఇంత లెక్క ఉన్నా ఈ అభిప్రాయం చావకపోవడానికి కారణం జ్ఞాపకం. మదనపల్లె టమాటా మార్కెట్‌లో 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటి ధర ఎగబాకింది, ఆ ఒక్క నెలలో కొందరు రైతుల జాతకం మారిందన్న కథనాలు రాష్ట్రమంతా తిరిగాయి. సెప్టెంబరు నాటికి ఆ ధర ఆనవాలు లేకుండా కూలిపోయింది, ఆ సంగతి అంత దూరం ప్రయాణించలేదు. 7-6తో ఒక రాత్రి ఎదుటివాడి సొమ్మంతా ఊడ్చుకున్న ఆట కూడా అలాగే ఏళ్ల తరబడి చెప్పుకోబడుతుంది, ఆ రాత్రికి ముందూ వెనకా అరవై చొప్పున కట్టి పడేసిన ఎన్నో ఆటలను ఎవరూ చెప్పుకోరు. తేడా ఒకటుంది, దాన్ని మరవడం రైతుకు అపచారం అవుతుంది: పొలం ఉన్నవాడికి ఏదో ఒకటి నాటక తప్పదు, ముక్కలు పట్టినవాడికి పడేయడానికి అడ్డమేమీ లేదు.

మరొక దుర్వినియోగాన్ని కూడా ఇక్కడే ఖండించాలి. పోకర్ నైపుణ్యపు ఆట అని న్యాయస్థానాలు చెప్పాయి కనుక ఓపికగా ఆశ ముక్కలు ఆడేవాడికి లాభం ఖాయమన్న ప్రచారం చాలాకాలం సాగింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, కె. సత్యనారాయణపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన వ్యాజ్యంలో, 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని తీర్పు చెప్పింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తేల్చుకోవడం అందుకు ఆధారాలు, మూడు ముక్కల ఆట మాత్రం కేవలం అదృష్టమని అదే తీర్పు వేరుచేసింది. పోకర్ విషయంలో న్యాయస్థానాలు ఏకమాట మీద లేవు: 2013లో కర్ణాటక హైకోర్టు దాన్ని నైపుణ్యపు ఆటగా ఆడితే లైసెన్సు అక్కరలేదంది, 2017లో గుజరాత్ హైకోర్టు జూదమంది, 2023లో మద్రాసు హైకోర్టు రమ్మీతో పాటు పోకర్‌నూ నైపుణ్యం వైపే చేర్చింది. ఆంధ్రప్రదేశ్ 2020లోనే తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్ని నిషేధించింది. అంటే కుప్పం పొలిమేరకు మూడు వైపులా మూడు రకాల న్యాయం కొంతకాలం అమలులో ఉంది. చివరకు 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న విచారణే లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది.

ఈ చరిత్ర అంతటిలోనూ ఏ న్యాయమూర్తీ ఏ ఆటగాడికీ నైపుణ్యం ఉందని చెప్పలేదు. ఆటలో నైపుణ్యానికి చోటుందన్నదే తీర్పు. ఆ చోటును ఎవరు నింపుతారన్నది వేరే ప్రశ్న. పైగా నైపుణ్యానికి చోటున్న ఆటలో నైపుణ్యం లేనివాడు అదృష్టపు ఆటలోకన్నా వేగంగా, నమ్మకంగా ఓడిపోతాడు. సత్యనారాయణ కేసులో గుర్తించిన నైపుణ్యంలో ముఖ్యభాగం ఏది ఉంచుకోవాలి, ఏది పడేయాలి అన్న విచక్షణే కాగా, పడేయడాన్నే మానేసిన ఆటగాడు ఆ తీర్పును తనకు అండగా చూపడం హాస్యాస్పదం.

ఆశ ముక్కలు లాభసాటిగా ఆడదగిన స్థితి ఉంది; అది ఇరుకైనది. అందరికన్నా చివర ఆడే బటన్ స్థానంలోనో దాని పక్కనో కూర్చుని ఉండాలి, ఎదుటివారి ముందు కట్టవలసిన పందేనికి ఇరవై రెట్ల సొమ్ము ఉండాలి, వరుస ముక్కలకైతే ప్రత్యర్థులు కొద్దిమందే ఉండి వారిలో ముక్కలు పడేయగలవారు ఉండాలి, ఎవరూ లోపలికి రాకముందైతే కట్టడం కాక పెంచడం తెలిసి ఉండాలి. చిన్న జతలకు చివరి రెండు షరతులు సడలించవచ్చు, లోతు షరతును సడలించడానికి వీల్లేదు. ముందు స్థానంలో కూర్చుని 7-6 ఇస్పేట్లతో పెద్ద బ్లైండు కట్టి, పెంచినవాడికి మళ్లీ కట్టి, ఫ్లాప్ చూసి, టర్న్ కోసం ఇంకోసారి కట్టే ఆట తీరుకు ఏ బల్ల దగ్గరా సమర్థన లేదు. చవకగా చూసి పొమ్మని సలహా ఇచ్చేవారు ఎదురైతే, మదనపల్లె అయినా బెంగళూరు అయినా, ఎదుటివాడి ముందు ఎంత సొమ్ముందో, అతను చివరిసారి ముక్కలు పడేసింది ఎప్పుడో ముందుగా వారినే అడగాలి. ఆ రెండింటికీ జవాబు లేని సలహాను వినకుండా ముక్కలు పడేయాలి.